పాట ఇచ్చిన ఖాళీల్లో పడిన అడుగులు

1960లు, 70ల నాటి అమెరికన్ సోల్ సంగీతాన్ని ప్రేమించేవాళ్లు నలుగురు చేరితే ఒక వాదన తప్పదు: వేదిక మీద అందరికన్నా బాగా ఆడిన బృందం ఏది? ఎక్కువమంది టెంప్టేషన్స్ అంటారు. జేమ్స్ బ్రౌన్‌నూ ఆయన ఫేమస్ ఫ్లేమ్స్‌నూ తలుచుకునేవాళ్లుంటారు, జాక్సన్ ఫైవ్‌కే ఓటు వేసేవాళ్లుంటారు. ఎవరి కాళ్లు ఎంత వేగంగా కదిలాయి, ఎవరు ఎంత పైకి ఎగిరారు అన్న లెక్కతోనే ఈ వాదన సాధారణంగా నడుస్తుంది. జిమ్నాస్టిక్స్‌కు ఆ లెక్క సరిపోతుంది గానీ, పాడే బృందానికి సరిపోదు. పాడేవాళ్లు ఆడుతున్నప్పుడు ముందు అడగాల్సింది ఆ ఆట పాటకు ఏం చేసిందని. ఊపిరిని తినేసిందా, కాపాడిందా? చెవికి సగమే అందే లయను కంటికి పూర్తిగా చూపించిందా? ఈ ప్రశ్నలతో కొలిస్తే నా తీర్పు గాయని గ్లాడిస్ నైట్ వెనక నిలబడి పాడిన ముగ్గురికి, అంటే పిప్స్‌కు. శ్వాస గురించి, లయ గురించి, మనిషి చూపు గురించి విజ్ఞానశాస్త్రం తేల్చిన సంగతులు ఈ తీర్పుకు బలమిస్తాయి.

ముందు ఊపిరి సంగతి చూద్దాం. తీరిగ్గా కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీసుకుంటాడు. గాలి పీల్చడానికీ వదలడానికీ పట్టే సమయాల్లో పెద్ద తేడా ఉండదు. పాడేటప్పుడు ఇది మారిపోతుంది. క్షణంలో గాలి పీల్చేసి, దాన్ని పొదుపుగా, ఒకే ఒత్తిడితో చాలాసేపు వదలాలి. ఉదరవితానం, పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు కలిసి ఆ ఒత్తిడిని నిలబెడతాయి. గట్టిగా ఆడే శరీరం సరిగ్గా దీనికి అడ్డం తిరుగుతుంది. కండరాల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించుకోవడానికి లోతుగా, త్వరత్వరగా శ్వాసించమని మెదడు తొందరపెడుతుంది. విశ్రాంతిలో నిమిషానికి ఆరేడు లీటర్ల గాలితో సరిపెట్టుకునే మనిషికి తీవ్రమైన శ్రమలో వంద లీటర్లు కూడా కావలసి రావచ్చు. పైగా ఎగిరి దిగిన ప్రతిసారీ పొట్టలోని అవయవాలు కుదుపుకు కదిలి ఉదరవితానాన్ని తోస్తాయి. ఆ తోపు గొంతులో వణుకుగా వినిపిస్తుంది. పరుగెత్తేవాళ్లలో అడుగుల వరసా శ్వాసా ఒకదానికొకటి ముడిపడతాయని డెన్నిస్ బ్రాంబుల్, డేవిడ్ క్యారియర్ అనే పరిశోధకులు 1983లోనే చూపించారు. కాళ్లు ఊపిరిని తమ వైపు లాక్కుంటాయన్నమాట. మన సినిమా పాటలో గొంతు ఒకరిది, ఆడే ఒళ్లు మరొకరిది కాబట్టి ఈ చిక్కు తెర మీద కనిపించదు. గజ్జె కట్టి అడుగులేస్తూ గుక్క తిప్పుకోకుండా కథ నడిపే బుర్రకథ కళాకారుణ్ని దగ్గర నుంచి చూసినవాళ్లకు మాత్రం ఇది బాగా తెలుసు.

సోల్ వేదిక మీద ఈ చిక్కును పద్ధతిగా విప్పినవాడు చోలీ ఆట్కిన్స్. 1913లో అలబామాలో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పెరిగిన ట్యాప్ (బూట్ల చప్పుడుతో తాళం పలికించే నాట్యం) డాన్సర్ ఆయన. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత హనీ కోల్స్‌తో జతకట్టి, నెమ్మదైన లయలో హుందాగా సాగే నాట్యానికి పేరు తెచ్చుకున్నాడు. పెద్ద బ్యాండ్ల కాలం ముగిసి 1950ల్లో ట్యాప్‌కు గిరాకీ పడిపోయాక, వీధి మలుపుల్లో పాడుకుంటూ పైకొచ్చిన కుర్ర బృందాలకు వేదిక మీద కదలడం నేర్పే పనిలోకి దిగాడు. 1960ల మధ్యలో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల సంస్థ ఆయన్ని తీసుకుంది. అక్కడ మాక్సీన్ పవెల్ నడకా మర్యాదా నేర్పితే, మారిస్ కింగ్ సంగీతం దిద్దితే, ఆట్కిన్స్ అడుగులు కూర్చేవాడు. ఆ రోజుల్లో ముగ్గురు నలుగురికి కలిపి ఒకే మైకు ఉండడం మామూలు. అందుకే ఆయన కూర్పులో అన్నిటికన్నా ముందు కనిపించే సూత్రం ఒకటుంది. మాట ఉన్నంతసేపు నోరు మైకు దగ్గరుండాలి. మాట అయిపోగానే ఒళ్లు దూరం జరగాలి. మళ్లీ మాట వచ్చేలోగా ఊపిరి నింపుకుని చేరుకోవాలి. పెద్ద కదలికలన్నీ పాట ఇచ్చే ఖాళీల్లోనే పడతాయి. ట్యాప్ నుంచి వచ్చిన అలవాటు రెండోది: మొండేన్ని నిలకడగా ఉంచి, పని కాళ్లకూ చేతులకూ అప్పగించడం. చూడటానికి అది హుందాతనం, శరీరశాస్త్రం లెక్కలో ఉదరవితానానికి రక్షణ.

పిప్స్ ఆయన దగ్గర చేరింది మోటౌన్‌కు రాకముందే, 1960ల తొలినాళ్లలో. 1952లో అట్లాంటాలో ఒక ఇంటి పిల్లలు కలిసి మొదలుపెట్టిన బృందం ఇది. గ్లాడిస్ అన్న మెరాల్డ్ నైట్, దగ్గరి బంధువులు విలియం గెస్ట్, ఎడ్వర్డ్ ప్యాటెన్ చివరి వరకూ అందులో నిలిచారు. చేతిలో వాయిద్యం లేదు, ముందుకొచ్చి ఒంటరిగా పాడే వంతు దాదాపు లేదు. ఉన్నవల్లా వంత గొంతు, రెండు కాళ్లు, రెండు చేతులు. 1973లో అమెరికా పాప్ జాబితాలో మొదటి స్థానానికి చేరిన ‘మిడ్‌నైట్ ట్రెయిన్ టు జార్జియా’ను వేదిక మీద వాళ్లు పాడిన తీరు గమనించండి. నిమిషానికి దాదాపు 90 దెబ్బలతో నడిచే పాట అది. నాలుగు దెబ్బల ఆవర్తానికి రెండున్నర సెకన్ల కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. గ్లాడిస్ పాడుతున్నంతసేపు ముగ్గురూ బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ, చిన్న చిన్న పక్క అడుగులతో ఉంటారు. ఆమె వాక్యం ముగించి ఊపిరి తీసుకోగానే మైకు అందుకుని బదులు పలుకుతారు. చివరి అక్షరం నోరు దాటీ దాటకముందే ఒళ్లు తిరుగుడు మొదలుపెడుతుంది. రైలు కూత వచ్చిన చోట తాడు లాగినట్టు చెయ్యి ఎత్తి కిందికి దించుతారు. చెయ్యి ఎత్తితే పక్కటెముకలు లేచి గాలి లోపలికి రావడం సులువవుతుంది, దించితే వదలడం సులువవుతుంది. ఆ ఒక్క కదలికలో అభినయం ఉంది, తాళం ఉంది, ఊపిరికి సాయమూ ఉంది.

ఈ ఆట పాటలో ఎంతగా అల్లుకుపోయిందో చెప్పడానికి ప్రయోగశాల పరీక్షకు తీసిపోని సాక్ష్యం ఒకటి దొరుకుతుంది. 1977లో హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ టెలివిజన్ కార్యక్రమంలో పిప్స్ ముగ్గురూ గ్లాడిస్ లేకుండా వచ్చారు. తమ పాటల్లో వంత భాగాలు మాత్రమే పాడారు, తమ అడుగులు మాత్రమే వేశారు. ఆమె పాడాల్సిన చోట కెమెరా ఖాళీ మైకు వైపు తిరిగింది. ప్రేక్షకుల్ని నవ్వించడానికి చేసిన అంశమే అయినా, దాన్ని శ్రద్ధగా చూస్తే తేలేది వేరు. ఒక యంత్రంలో ఏ భాగం ఏం చేస్తుందో తెలియాలంటే మిగతావి తీసేసి చూడటం శాస్త్రంలో పాత పద్ధతి. ఇక్కడ ప్రధాన గాయనినే తీసేశారు. అయినా పాట ఎక్కడుందో, ఏ మాట రాబోతోందో, ఎక్కడ ఎత్తుకుంటుందో ఆ ముగ్గురి ఒళ్లు చెబుతూనే ఉంది. పక్క అడుగులు ఆమె వాక్యం పొడవును కొలుస్తున్నాయి, తిరుగుళ్లు ఆ వాక్యం చివర చుక్క పెడుతున్నాయి. అలంకారంగా మాత్రమే అతికించిన స్టెప్పులైతే, పాట తీసేయగానే అర్థం లేని కదలికలుగా మిగిలేవి. వీళ్లవి పాట లేకపోయినా పాట ఆకారాన్ని నిలబెట్టాయి.

ముగ్గురు ఒకేసారి కదలడం మనల్ని ఎందుకంత పట్టేస్తుంది? ఒక మనిషి చెయ్యి దరువు మీద పడితే అది యాదృచ్ఛికం కావచ్చు. మూడు చేతులు అదే క్షణంలో, అదే ఎత్తు నుంచి పడితే కాదని కన్ను వెంటనే తేల్చుకుంటుంది. ఆ క్షణం ముఖ్యమని ముగ్గురు సాక్షులు చెప్పినట్టవుతుంది. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ప్రత్యక్ష నృత్య ప్రదర్శన జరుగుతుండగా కళాకారుల మణికట్లకు కదలికను కొలిచే పరికరాలు కట్టి, ప్రేక్షకుల గుండె వేగాన్నీ వాళ్లు ఇచ్చే ఆనందపు మార్కుల్నీ వెంటవెంటనే నమోదు చేశారు. ప్రేక్షకుల అభిప్రాయం ఒక దారిన సాగినప్పుడు, కళాకారుల మధ్య కలయిక ఎంతుందన్న దాన్ని బట్టి చూసేవాళ్ల స్పందన ఎటు పోతుందో ముందుగా చెప్పగలిగారు. ఆడేవాళ్ల విషయంలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు: ఒకే లయలో కలిసి ఆడినవాళ్లకు నొప్పిని తట్టుకునే శక్తి పెరిగింది, ఒకరి మీద ఒకరికి దగ్గరితనం పెరిగింది. ఒళ్లు సొంతంగా విడుదల చేసే నొప్పి నివారకాలు, ఎండార్ఫిన్లు, దీని వెనక ఉన్నాయని వాళ్ల ఆలోచన. రోజుకు నాలుగైదు ప్రదర్శనలిచ్చే ఊరూరి పర్యటనల్లో ఏళ్ల తరబడి కలిసి నిలబడ్డ బృందాలకు ఇది చిన్న సాయం కాదు.

అయితే కలయిక ఒక్కటే సరిపోతే సైనిక కవాతే అన్నిటికన్నా గొప్ప నాట్యం కావాలి. సోల్ పాటలో దరువు ఒకే పొర కాదు. డ్రమ్ము రెండో, నాలుగో దెబ్బల మీద ఒత్తుతుంది, బేస్ గిటార్ వాటి మధ్య ఇరుకుల్లో తిరుగుతుంది, గొంతు అన్నిటికన్నా కాస్త వెనకబడి సాగుతుంది. ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో తేల్చినదాని ప్రకారం, సంగీతానికి స్వేచ్ఛగా కదిలే మనిషి ఒంట్లో వేర్వేరు భాగాలు వేర్వేరు పొరల్ని పట్టుకుంటాయి. చేతులు ఒక్కో దెబ్బనూ పట్టుకుంటే, మొండెం ఊగిసలాట నాలుగు దెబ్బల పెద్ద ఆవర్తాన్ని చూపిస్తుంది. పిప్స్ ఆటలో జరిగేది అచ్చం ఇదే: పాదాలకు ఒక లెక్క, భుజాలకు ఒక లెక్క, తిరుగుడుకు వాక్యమంత పొడవైన మరో లెక్క. మారియా విటెక్ బృందం 2014లో డ్రమ్ము ముక్కలతో చేసిన ప్రయోగంలో, దరువు మరీ సూటిగా ఉన్నా, మరీ చిక్కుగా ఉన్నా జనానికి అంతగా కదలాలనిపించలేదు. ఊహించిన చోట పడుతూ, అప్పుడప్పుడూ ఊహ తప్పించే మధ్యస్థమైన దరువే ఎక్కువ ఆనందమిచ్చింది. ఆట్కిన్స్ కూర్పు ఆ మధ్య దారిలోనే నడుస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం జేమ్స్ బ్రౌన్ పేరుతో వస్తుంది. 1964 అక్టోబరులో శాంటా మోనికాలో చిత్రీకరించిన ‘టి.ఎ.ఎం.ఐ. షో’ చూసినవాళ్లెవరూ ఆయన కాళ్లను మర్చిపోలేరు. ఒంటరి నర్తకుడిగా ఆయనకు ఆ సంగీతంలో సాటి లేరన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ మన ప్రశ్న బృందం గురించి. పైగా ఆ చిత్రాన్నే జాగ్రత్తగా చూస్తే, ఆయన పాదాలు పూనకం వచ్చినట్టు కదిలే చోట్ల గొంతు ఆగుతుంది లేదా చిన్న కేకలకు కుదించుకుంటుంది. ఆ సమయంలో పాటను బ్యాండూ ఫ్లేమ్స్ గొంతులూ మోస్తాయి. ఇది తప్పు కాదు, ఊపిరి విధించిన పరిమితి. ఆయన ఆ పరిమితిని వంతులవారీగా దాటాడు, పిప్స్ ప్రతి వాక్యం లోపలే దాటారు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: టెంప్టేషన్స్‌కూ గురువు ఆట్కిన్సే. అంతకుముందే ఆ బృందంలోని పాల్ విలియమ్స్ సొంతంగా మంచి అడుగులు కూర్చాడు. ఒకే రకం సూట్లలో, పొడుగాటి ఐదుగురు ఒక వరసలో తిరిగితే ఆ రేఖల అందం పిప్స్‌కు లేదు. అయితే టెంప్టేషన్స్‌లో ప్రధాన గాయకుడు పాటపాటకూ మారతాడు, నాలుగు మైకులున్న ప్రత్యేకమైన స్టాండు వాళ్లకు స్వేచ్ఛనిచ్చింది. ఆ స్వేచ్ఛ వల్ల వాళ్ల ఆట పాట పక్కన ఒక దృశ్యంగా ఎదిగింది. పిప్స్ ఆట పాట లోపలే ఉండిపోయింది. తేడా వెంట్రుకవాసే. నా కొలమానం పాట కాబట్టి ఆ వెంట్రుకవాసి పిప్స్ వైపు మొగ్గుతుంది.

మూడో అభ్యంతరం ఆత్మకు సంబంధించినది. ఇంత సాధన చేసి, ఇంత లెక్క కట్టిన ఆటలో సోల్ ఎక్కడుంది, మెంఫిస్‌లోని స్టాక్స్ సంస్థ గాయకులు శామ్, డేవ్‌లలా చెమటలు కక్కుతూ మనసుకు తోచినట్టు ఊగిపోవడమే నిజం కదా అంటారు. ఇది సోల్ పుట్టుకను మరిచిన మాట. ఈ సంగీతానికి తల్లి నల్లజాతి చర్చి. అక్కడ ప్రవచనకారుడు ఒక మాటంటే జనం బదులు పలుకుతారు, చప్పట్లు కొడతారు, ఒళ్లు ఊపుతారు. ఆ బదులు ఏ క్షణంలో పడాలో తరతరాల అలవాటు నేర్పింది. పిప్స్ చేసింది ఆ బదులుకు కచ్చితమైన రూపమివ్వడం. ఆవేశం గ్లాడిస్ గొంతులో అంత స్వేచ్ఛగా తిరగగలిగిందంటే, వెనక ముగ్గురు లయను గోడలా నిలబెట్టారు కాబట్టే. నిజాయితీ తోచినట్టు కదలడంలోనే ఉంటుందనుకుంటే సాధనతో నిలిచిన ఏ కళకూ నిజాయితీ మిగలదు.

శాస్త్రం అందానికి మార్కులు వేయగలదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. వేయలేదు. గుండె వేగమూ శ్వాస లెక్కా ఎవరు గొప్పో చెప్పవు. పాటకు ఏం మేలు జరిగిందన్న కొలమానాన్ని ఎంచుకున్నది నేను. ఆ కొలమానం ఎంచుకున్నాక ఏ ఆట ఎందుకు పనిచేస్తుందో చెప్పడం మాత్రం శాస్త్రం చేయగలదు. 1989లో బ్రాడ్‌వే ప్రదర్శన ‘బ్లాక్ అండ్ బ్లూ’కు టోనీ పురస్కారం పంచుకున్న ఆట్కిన్స్‌కు నృత్య దర్శకుడిగా గుర్తింపు దక్కింది. 1996లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో గ్లాడిస్ పేరుతోపాటు పిప్స్ పేరూ చేరింది. అయినా చాలామంది చూపు నేటికీ ముందు మైకు దగ్గరే ఆగిపోతుంది. పాత రికార్డింగులు ఈరోజు ఎవరైనా చూడగలిగేలా అందుబాటులో ఉన్నాయి. గ్లాడిస్ నైట్ పాట ఒకటి తీసుకుని, ఒకసారి ఆమెను వదిలేసి వెనక ముగ్గుర్నే మొదటి నుంచి చివరి వరకూ చూడండి. వంత పాడటం కూడా ఒక పూర్తి కళేననీ, దానికి కావలసిన తెలివి ముందు నిలబడి పాడేవాళ్ల తెలివి కన్నా తక్కువది కాదనీ ఒప్పుకోక తప్పదు.