స్కాట్‌స్పోర్ట్: చిన్న ఊళ్ల పేర్లు పలికిన తెర

స్కాట్లాండులో 1957లో ప్రారంభమై 2008 మే నెలలో నిలిచిపోయిన ‘స్కాట్‌స్పోర్ట్’ అనే టెలివిజన్ కార్యక్రమాన్ని అక్కడి పెద్దవారు ఇంటి మనిషిని తలచుకున్నట్లు తలచుకుంటారు. అది నాటకం కాదు, సంగీత కచేరీ కాదు. శనివారం జరిగిన ఫుట్‌బాల్ పోటీలలోని ముఖ్య ఘట్టాలను ఏరి కూర్చి చూపే కార్యక్రమం మాత్రమే. తొంభై నిమిషాల ఆటను కొద్ది నిమిషాలకు కుదించి చూపినంత మాత్రాన అంతటి మమకారం ఎట్లా ఏర్పడింది? యాభై ఏళ్లు నడిచినది ఎందుకు ఆగిపోయింది? ఈ సంగతులు ఎవరికైనా తెలుసుకోదగినవే. సరిహద్దు ఊళ్లలో బతికేవారికి అందులో ఆసక్తి ఒక పాలు ఎక్కువే ఉంటుంది.

ఆ రోజులలో ఫుట్‌బాల్ క్లబ్బులకు ప్రధాన ఆదాయం గేటు దగ్గర అమ్ముడయ్యే టికెట్టే. ఆటను ఇంట్లో కూర్చుని చూడగలిగితే మైదానానికి ఎవరు వస్తారన్నది యాజమాన్యాల భయం. అందువల్ల లీగు పోటీల ప్రత్యక్ష ప్రసారానికి అవి చాలాకాలం ఒప్పుకోలేదు. ఆట ముగిశాక కొన్ని భాగాలు చూపుకోవచ్చునన్న రాజీ ఒకటి కుదిరింది. ఆ రాజీకి పుట్టిన బిడ్డలే ఈ హైలైట్స్ కార్యక్రమాలన్నీ. ఇంగ్లండులో బీబీసీ సంస్థ ‘మ్యాచ్ ఆఫ్ ది డే’ను 1964 ఆగస్టు 22న లివర్‌పూల్, ఆర్సెనల్ జట్ల పోటీతో మొదలుపెట్టింది. ఏ పోటీని చూపబోతున్నారో ముందుగా బయటపెట్టేవారు కారు. చెబితే ఆ మైదానం ఖాళీ అవుతుందని శంక.

ప్రేక్షకునికి ఫలితం శనివారం సాయంత్రమే రేడియోలో తెలిసేది. గోలు ఎట్లా పడిందో మాత్రం తెలిసేది కాదు. వార్తకూ దృశ్యానికీ నడుమ మిగిలిన ఆ ఎడమే హైలైట్స్ కార్యక్రమానికి ప్రాణం. ఆ ఎడంలో తండ్రి ఊహించి చెప్పేవాడు, కొడుకు కాదనేవాడు, పత్రిక మరొక తీరుగా రాసేది. తెరమీద చూసిన తరువాతే వాదం తేలేది. కొన్నిసార్లు అప్పటికీ తేలేది కాదు.

దాని తయారీ కూడా చిన్న పని కాదు. తొలి ఏళ్లలో ఫిలిం కెమెరాతో చిత్రించి, రీళ్లను హడావిడిగా నగరానికి చేర్చి, ల్యాబులో కడిగి, కత్తిరించి అతికించి, దానికి మాట కలిపేవారు. రీలు మార్చే క్షణంలోనే గోలు పడితే ఆ గోలు పోయినట్లే. వీడియో టేపు వచ్చాక పని సులువైంది గాని, దాని ధర ఎక్కువ. అందుచేత బ్రిటన్‌లోని టెలివిజన్ సంస్థలు పాత రికార్డింగులను చెరిపి అదే టేపును మళ్లీ వాడుకునేవి. 1960లనాటి ఎన్నో ఆటలు ఆ విధంగా మాసిపోయాయి. వాటికి మిగిలిన చోటు చూసినవారి జ్ఞాపకమొక్కటే. ఇటువంటి కార్యక్రమాల మీద బెంగ అంత గాఢంగా ఉండటానికి ఇదొక కారణం. సాక్ష్యం పోయినచోట జ్ఞాపకమే సాక్షిగా నిలబడవలసి వస్తుంది.

గ్లాస్గోలోని థియేటర్ రాయల్ భవనం నుంచి ఎస్‌టీవీ ప్రసారాలు 1957 ఆగస్టు 31న మొదలయ్యాయి. ఆ ఏడాదే వచ్చిన స్కాట్‌స్పోర్ట్‌కు 1989 వరకు, అంటే 32 ఏళ్లు, ఆర్థర్ మాంట్‌ఫర్డ్ వ్యాఖ్యాత. ఆయన తొడిగే గళ్ల కోట్లు దేశమంతా ప్రసిద్ధం. నలుపు తెలుపు తెరమీద ఆ గళ్లు కదిలినట్లు, మిణికినట్లు కనిపించేవి. గ్రీనక్ పట్టణపు మోర్టన్ జట్టుకు ఆయన అభిమాని, అదేమంత పెద్ద జట్టు కాదు. ఆయన పేరుతోపాటు అందరికీ గుర్తొచ్చే మాట ‘స్ట్రమాష్’. గోలు ముందు పదిమంది కాళ్లు కలగలిసి, బంతి ఎవరిదో తెలియని గలాటాకు ఆయన వాడిన స్కాట్లాండు పలుకు అది. లండన్ నుంచి వచ్చే ఇంగ్లీషులో అటువంటి మాట వినబడదు. ఇంట్లో అవ్వ వాడే పలుకు టీవీలో వినిపించడమంటే ఏమిటో రాజధానికి దూరంగా, మరో రాష్ట్రంలో ఉంటూ తమదైన తెలుగు మాట్లాడేవారికి విప్పి చెప్పనక్కరలేదు.

1973 సెప్టెంబరు 26 రాత్రిని ఆ తరం మరచిపోలేదు. గ్లాస్గోలోని హ్యాంప్‌డెన్ పార్కులో స్కాట్లాండు 2-1తో చెకొస్లొవేకియాను ఓడించింది. మొదట గోలు కొట్టింది చెకొస్లొవేకియాయే. తరువాత జిమ్ హోల్టన్, జో జోర్డన్ తలతో కొట్టిన గోళ్లు ఆటను తిప్పాయి. 1958 తరువాత మొదటిసారి ఆ దేశం ప్రపంచకప్పుకు అర్హత పొందింది. వ్యాఖ్యాత తటస్థంగా ఉండాలన్న నియమం ఆ రాత్రి మాంట్‌ఫర్డ్ గొంతుకు గుర్తులేదు. అది తప్పని ఎవరూ అనలేదు. మరుసటి నెలలో ఇంగ్లండు జట్టు పోలండును గెలవలేక ఆ ప్రపంచకప్పుకే దూరమైంది. స్కాట్లాండువారి సంతోషం రెట్టింపు కావడానికి ఇంకేం కావాలి!

సరిహద్దు సంగతికి వస్తే, ట్వీడ్ నది ముఖద్వారాన ఉన్న బెరిక్ పట్టణం రెండు రాజ్యాల మధ్య పదేపదే చేతులు మారి, 1482 నుంచి ఇంగ్లండు పాలనలో ఉంది. ఆ ఊరి జట్టు బెరిక్ రేంజర్స్ మాత్రం స్కాట్లాండు లీగులో ఆడింది. 1967 జనవరి 28న స్కాటిష్ కప్పులో ఈ చిన్న జట్టు గ్లాస్గో రేంజర్స్‌ను 1-0తో ఓడించింది. గోలు కొట్టినవాడు సామీ రీడ్. బెరిక్ గోల్‌కీపరుగా, శిక్షకుడుగా కూడా ఉన్న జాక్ వాలెస్ తరువాతి కాలంలో ఆ గ్లాస్గో రేంజర్స్‌కే మేనేజరు అయ్యాడు. ఎవరి పాలన, ఎవరి జట్టు అన్న లెక్కలు సరిహద్దులో ఇట్లాగే ఉంటాయి.

ప్రసారాల లెక్క మరీ చిత్రం. స్కాట్లాండు నడిమి ప్రాంతం గ్లాస్గోలోని ఎస్‌టీవీ కింద, ఉత్తరం అబర్డీన్‌లోని గ్రాంపియన్ కింద ఉండేవి. దక్షిణపు సరిహద్దు జిల్లాలను మాత్రం 1961లో మొదలైన బోర్డర్ టెలివిజన్‌కు అప్పగించారు. దాని కార్యాలయం ఉన్నది ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో. అవతలి దేశంలో కూర్చున్న సంస్థ ఇవతలి ఇళ్లకు ఏది అందాలో నిర్ణయించేది. ఆ ఛానల్లో స్కాట్లాండు వైపువారికి ప్రత్యేక కార్యక్రమాలు కావాలన్న కోరిక 2014లో గాని తీరలేదు. తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. దూరదర్శన్ ఒక్కటే ఉన్న కాలంలో శుక్రవారం సాయంత్రం హైదరాబాదు కేంద్రం ‘చిత్రలహరి’ వేసేది, మద్రాసు కేంద్రం ‘ఒలియుం ఒళియుం’ వేసేది. ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా, యాంటెన్నాకు ఏ తరంగం అందితే ఆ భాష పాటలే.

ఇక స్కాట్‌స్పోర్ట్ ఆగిపోవడానికి కారణం ప్రేక్షకుల నిరాదరణ ఒక్కటే కాదు, ప్రధానంగా హక్కుల బేరం. 1980లలో ప్రత్యక్ష ప్రసారాలకు దారి తెరుచుకుంది. 1992లో ఇంగ్లండు ప్రీమియర్ లీగును స్కై సంస్థ పెద్ద మొత్తానికి కొనుక్కున్నాక ఆట లెక్కే మారింది. 1998లో ఏర్పడిన స్కాట్లాండు ప్రీమియర్ లీగు కూడా ఆ బాటే పట్టింది. 2004లో ప్రత్యక్ష ప్రసారాలు సెటాంటా అనే చందా ఛానలుకు పోగా, హైలైట్స్ మాత్రం ఎస్‌టీవీకి దక్కాయి. అప్పుడు కార్యక్రమాన్ని సోమవారం రాత్రికి మార్చి, స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి కబుర్ల మేళంగా తీర్చారు. పాత అభిమానులకు అది రుచించలేదు. శనివారపు గోలును సోమవారం రాత్రి దాకా ఎవరు దాచిపెట్టుకోగలరు? 2008లో హైలైట్స్ హక్కులు బీబీసీ చేతికి పోయాయి. చూపడానికి ఆటే లేనప్పుడు కార్యక్రమం ఎట్లా నిలుస్తుంది! హక్కుల వేలంలో గెలిచినవారు బాగుపడ్డారా అంటే అదీ లేదు. సెటాంటా బ్రిటన్ వ్యాపారం 2009లో కూలిపోయి, స్కాట్లాండు క్లబ్బులు ఆదాయానికి ఇబ్బందిపడ్డాయి.

నిజం చెప్పాలంటే పాతదంతా బంగారం కాదు. తెరమీది సమయంలో సింహభాగం గ్లాస్గోలోని రెండు పెద్ద జట్లదే. చిన్న ఊళ్ల వంతు ఎప్పుడో ఒకసారి వచ్చేది. అయితే వచ్చినప్పుడు దేశమంతా ఒకే గంటలో ఆ ఊరి పేరు వినేది. ఇప్పుడు గోలు పడిన కొద్దిసేపటికే సెల్‌ఫోనులో చూడవచ్చు. చూసేవాడు తనకు కావలసిన జట్టునే వెతుక్కుంటాడు, అడగని ఊరి పేరు అతని చెవిన పడదు.

స్కాట్‌స్పోర్ట్ ఆఖరి ఏట మరొక సరిహద్దు కథ కూడా ముగిసింది. గ్రెట్నా మూడువేల జనాభా గల ఊరు, సరిహద్దుకు స్కాట్లాండు వైపున ఉంది. ఇంగ్లండునుంచి పారిపోయి వచ్చిన ప్రేమికుల పెళ్లిళ్లకు ఆ ప్రాంతం ప్రసిద్ధం. బెరిక్‌కు తలకిందులుగా ఈ ఊరి జట్టు 2002 దాకా ఇంగ్లండు లీగులలో ఆడి, అప్పుడు స్కాట్లాండు లీగుకు మారింది. ఒక ధనికుని అండతో 2006లో స్కాటిష్ కప్పు ఫైనలుకు చేరి, హార్ట్స్ చేతిలో పెనాల్టీలపై ఓడింది. 2007లో అగ్రశ్రేణికి ఎగబాకింది. సొంత మైదానం ఆ స్థాయికి చాలక, మదర్‌వెల్‌కు పోయి ఆడవలసి వచ్చింది. ఆ దాత జబ్బుపడి సొమ్ము ఆగడంతో 2008లో క్లబ్బే మూతపడింది. ఊరివారు అదే ఏట చిన్నస్థాయిలో కొత్త జట్టును కట్టుకున్నారు.

మాంట్‌ఫర్డ్ 2014లో కన్నుమూశారు. బెరిక్ రేంజర్స్ 2019లో ప్రధాన లీగులో స్థానం పోగొట్టుకుని లోలాండ్ లీగుకు దిగింది. అప్పటికే అందులో ఉన్న గ్రెట్నావారి కొత్త జట్టు దానికి ఎదురైంది. ఆ రెండు సరిహద్దు ఊళ్లు అట్లా ఒకే లీగులో తలపడేనాటికి స్కాట్‌స్పోర్ట్ ఆగి 11 ఏళ్లయింది.