అవచివారి యోడబేహారము

శ్రీనాథుని హరవిలాసమును జదువువారు చిఱుతొండనంబి కథకుఁ ద్వరపడి అవతారికను దాఁటిపోవుట వాడుక. పాఠము చెప్పువారును బెక్కుమా ఱట్లే చేయుదురు. కృతిపతి యగు అవచి తిప్పయసెట్టి దూరదేశములనుండి తెప్పించిన సరకుల పట్టిక అందుఁ గలదు. ధనికులఁ బొగడునపుడు కవులు చేయు అతిశయోక్తులలో నిదియు నొకటి యని తోఁచుట సహజమే. కాని శాసనములతోఁ బోల్చి చూచినచో, ఆ పట్టిక యలంకారమునకంటె వర్తకుని చిట్టాకు దగ్గఱగా నున్నదని తెలియఁగలదు.

తిప్పయసెట్టి నెల్లూరి వైశ్యుఁడు; శ్రీనాథునకు బాల్యసఖుఁడు. సోదరులతోఁ గూడి బేరము సాగించెను. కొండవీటి ప్రభువగు కుమారగిరిరెడ్డి (1386–1402) వసంతోత్సవములకు సుగంధద్రవ్యముల నందించినవాఁ డితఁడే. ఆ యుత్సవములచేతనే ప్రభువునకుఁ గర్పూరవసంతరాయఁ డను బిరుదము కలిగెను. విజయనగరపు హరిహరరాయలకును, బహమనీ సుల్తా నగు ఫిరోజ్‌షాకును సైత మీ యింటి సరకే చేరెను. రాజు లొండొరులతోఁ బోరుచుండినను గర్పూరమునకుఁ బగ లేదు కాఁబోలు!

పట్టికలోని యూళ్లపేళ్లు నేఁటి పాఠకునకు వింతగాఁ దోఁచును. తరుణాసీరి యనఁగా బర్మా దక్షిణతీరమునందలి తెనాసెరిము. తవాయి దాని కుత్తరమున నున్న రేవు. హురుమంజి పారసీక సముద్రముఖమునందలి ఓర్ముజు. గుఱ్ఱము లచటినుండి వచ్చెడివి. సింహళము ఏనుఁగులకుఁ బ్రసిద్ధము. పంజార కర్పూర మనఁగానే పంజాబు స్ఫురించుట సులభము. కాని కర్పూరవృక్షమునకుఁ బంచనదదేశము జన్మభూమి కాదు. మధ్యయుగ వర్తకులు మిక్కిలి విలువ యిచ్చి కొన్న కర్పూరము సుమత్రాదీవి పడమటి తీరమున బారుసు ప్రాంతమునఁ బుట్టినది. అరబ్బులు దానిని ఫన్సూరు కర్పూర మనిరి. పంజార శబ్ద మా ఫన్సూరునకు రూపాంతర మనుట యుక్తతరము.

ఓడలపేళ్లు ఇంకను విలువగలవి. కప్పలి, జోంగు, వల్లి మొదలగువానిఁ గవి పేర్కొనెను. కప్పలి తమిళమునఁ గప్పల్. మలయుభాషలో నదియే కపాల్. జోంగు మలయు, జావా నావికుల పెద్దయోడ. పోర్చుగీసులు దానిని జుంకో యనిరి. సంస్కృతమున నౌకకుఁ బర్యాయపదములు కొదువ కావు. ఛందస్సునకును అవి యొదిగెడివే. అయినను శ్రీనాథుఁడు రేవులో వినవచ్చు మాటలనే యేఱుకొనెను.

మోటుపల్లి రేవునఁ గాకతి గణపతిదేవుఁడు 1244–45లో వేయించిన అభయశాసన మిచట ముఖ్యసాక్ష్యము. తుపానున విఱిగి తీరమునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు పూర్వరాజులు బలిమిఁ గొనుచుండి రనియు, తాను సుంకము మాత్రమే కొని తక్కినది విడిచితి ననియు నా రాజు చెప్పెను. సుంకము 30 పాళ్లలో 1 పాలు. చందనము, కర్పూరము, పన్నీరు, జవ్వాది, దంతము, ముత్యములు మున్నగువానికి వేఱువేఱుగా లెక్కలు గలవు. ఏనుఁగులు, గుఱ్ఱములు, చందనము, కర్పూరము హరవిలాసమున మరలఁ గానవచ్చుచున్నవి. కవి చెప్పిన హిమాంబువు శాసనమునందలి పన్నీరే. దానికి మంచునీ రని యర్థము చెప్పుట తగదు. రెడ్డిరాజులలో అనపోతరెడ్డి 1358లో నదే రేవున వేఱొక శాసనము వేయించి, కాఁపురమునకు వచ్చు వర్తకులకు భూము లిచ్చుటయు, పుత్రులు లేక మరణించినవారి ధనమును గొనకుండుటయుఁ బ్రకటించెను. అవచివారి కలిమికి నిట్టి యేర్పాటులే పునాది.

వారికి సొంతయోడ లుండెనా యనుప్రశ్నకుఁ దొందరపడి యుత్తరము చెప్పరాదు. నైరృతిగాలితోఁ దూర్పుతీరములకుఁ బోయిన యోడ ఈశాన్యపుగాలి వీచువఱకుఁ దిరిగి రాఁజాలదు. నెలలతరబడి సొమ్ము సముద్రముపై నుండును. అది యొక్కఁడు మోయఁదగిన బరువు గాదు. సోదరులు కూడి బేరము సేయుట కిదియే హేతువు కాఁదగును. అంతమాత్రమున నోడలన్నియు వారివే యనుట సాహసము. పరదేశపు జోంగులోఁ గేవు చెల్లించి సరకు వేయుటయుఁ గలదు. పట్టికలో భోటదేశపుఁ గస్తూరియు నున్నది. ఆ దేశమునకు సముద్రమే లేదు. ఆ కస్తూరి మెట్టదారినఁ బలువురు బేరగాండ్ర చేతులు మాఱి రావలసినదే. కవి వాడిన ‘తెప్పించు’ అను క్రియ యన్ని మార్గములకును జెల్లును.