పెరటి కోడి పుండులో పురుగులు: మొదటి రోజు చికిత్సే ముఖ్యం

పుదుచ్చేరి పట్టణంలో వర్షాలు ప్రధానంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన కురుస్తాయి. ఆ రోజులలో పెరటి నేల ఆరదు. గూటిలోని ఊక తడిసి ముద్ద అవుతుంది. గాలి మాత్రం వెచ్చగానే ఉంటుంది. ఈగలు వృద్ధి చెందడానికి ఇవన్నీ అనుకూలమైన పరిస్థితులే. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు పట్టణమైన యానాంలో, నైరుతి వానలతో జూన్ నుండే ఈ బెడద ఆరంభమవుతుంది.

పది కోళ్లు ఉన్న ఇంట గుడ్లు పెట్టే పెట్ట ఒకటి చనిపోతే, నష్టం దాని ధరతో ఆగదు. రాబోయే నెలల గుడ్లు, అది పొదిగి లేపవలసిన పిల్లలు కూడా పోయినట్లే. అయితే ఈగల వలన కలిగే ఈ నష్టాన్ని, సకాలంలో గమనించినట్లయితే, చాలవరకు నివారించవచ్చును.

పురుగులు ఎట్లా పడతాయి?

నీలి, ఆకుపచ్చ రంగులలో మెరిసే ఈగలు రక్తపు వాసనకు, రెట్ట వాసనకు వచ్చి గుంపులుగా గ్రుడ్లు పెడతాయి. వెచ్చని వాతావరణంలో ఒక రోజు లోపే అవి పొదిగి పురుగులవుతాయి. కొన్ని రోజులు కండను తిని పెరిగి, నేలలోకి రాలి, మరల ఈగలుగా లేస్తాయి. జీవమున్న కండనే తినే స్క్రూవర్మ్ ఈగ కూడా మన దేశంలో ఉన్నది. దాని పురుగులు తల లోపలికి, తోక పైకి ఉంచి పుండును లోతుగా తొలుస్తాయి.

కోడికి ఈ ప్రమాదం రెండు చోట్ల ఎక్కువ. మొదటిది గాయం. కుక్క, పిల్లి, ముంగిస కరచిన చోట, తోటి కోళ్లు పొడిచిన చోట, పుంజు గోళ్లు గీరిన వీపు మీద ఈగ వాలుతుంది. రెండవది మలద్వారం. పారుడు వలన అక్కడి ఈకలకు రెట్ట అంటుకొని ఉంటే, గాయం లేకున్నా పురుగులు పడతాయి. పైన ఈకలు కప్పి ఉండుటచేత లోపలి పుండు కనబడదు. కోడి ఒక మూల ముడుచుకొని ఉండటం, మేత తగ్గించటం, దుర్వాసన రావటం దీని గుర్తులు.

చికిత్సా క్రమం

1. కోడిని వెంటనే వేరు చేయాలి. రక్తం కనబడితే తోటి కోళ్లు పొడిచి చంపగలవు. గంప క్రింద, శుభ్రమైన గుడ్డ పరచి, దోమతెర కప్పి ఉంచాలి.

2. గాయం చుట్టూ ఈకలను కత్తెరతో కత్తిరించాలి. పీకరాదు.

3. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో సుమారు 9 గ్రాములు, అనగా ఒకటిన్నర టీ చెంచాల ఉప్పు కలిపి, ఆ నీరు గోరువెచ్చగా ఉన్నప్పుడు పుండును ధారగా కడగాలి.

4. కనబడే ప్రతి పురుగును పట్టకారుతో తీసి సబ్బు నీటిలో వేయాలి. నేల మీద పారవేయరాదు.

5. పావిడోన్ అయోడిన్ ద్రావణాన్ని పలుచని టీ రంగు వచ్చేవరకు నీటితో పలుచన చేసి పుండును శుభ్రపరచి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి.

6. ఉదయం, సాయంత్రం తిరిగి చూడాలి. మిగిలిన గ్రుడ్లు మరుసటి రోజు పొదుగుతాయి గనుక, ఒకసారి కడిగి ఊరుకొనరాదు.

కోడికి వెచ్చదనము, త్రాగు నీరు, మెత్తని మేత అందించాలి. చికిత్స తరువాత చేతులను సబ్బుతో కడుగుకొనాలి.

చేయరానివి

పశువుల పుండ్లకు వాడే అలవాటు కొద్దీ కొందరు కోడికి కూడా ఫినాయిలు, కిరోసిన్, టర్పెంటైన్ పోస్తారు. కలరా ఉండలను పొడి చేసి చల్లుతారు. ఇది నిజముగా పుండు మీద కారం చల్లినట్లే. కోడి చర్మం బహు పలుచన. శరీరం చిన్నది. ఆ మందులు పురుగులతో పాటు కండను కాల్చి, రక్తంలోనికి చేరి, కోడిని కూడా చంపగలవు. మందుల దుకాణదారులు వీటిని కోడి పుండ్లకు సూచించరాదని మనవి.

ఐవర్‌మెక్టిన్, యాంటిబయాటిక్ వంటి మందులను పశువైద్యుని సలహా మీదనే వాడాలి. ఆయన చెప్పినన్ని రోజులు ఆ కోడి గుడ్లను తినరాదు, అమ్మరాదు. పుండు లోతుగా ఉన్నా, పురుగులు మలద్వారం లోపలికి చేరినా ఇంటి వైద్యం చాలదు. పుదుచ్చేరి వాసులకు కురుంబపేటలోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధనా సంస్థ అందుబాటులో ఉన్నది. ఇతరులు తమ సమీప పశువైద్యశాలను సంప్రదించాలి.

నివారణ

గూటిలో తడిసిన ఊకను తీసివేసి పొడి ఊక వేయాలి. రెట్టను రోజూ ఎత్తి దూరంగా కప్పి ఉంచాలి. ముంగిస దూరకుండా గూటికి సన్నని ఇనుప వల బిగించాలి. పారుడుకు కారణం కనుగొని, అవసరమైతే నట్టల మందు త్రాగించాలి. చనిపోయిన కోడిని సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. కుళ్లిన కళేబరం మీది పురుగులను తిన్న కోళ్లకు మెడ వాలిపోయే బొట్యులిజం వ్యాధి రావచ్చును.

2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యం కోళ్ల పెంపకానికి కూడా వర్తిస్తుంది. మేతతో పాటు పశువైద్యపు ఖర్చు కూడా ఆ పరిమితిలో చేరి ఉన్నది. కాబట్టి వైద్యుని వద్దకు వెళ్లుటకు వెనుకాడనక్కర లేదు.

అన్నిటికంటె చౌకైన మందు కంటిచూపే. సాయంత్రం కోళ్లను గూటికి చేర్చునపుడు ఒక్కొక్క దానిని చేతిలోకి తీసుకొని, వీపు, రెక్కల క్రింద, తోక క్రింద ఈకలు విడదీసి చూడాలి. పది కోళ్లకు పావుగంట చాలు. ఆ పావుగంటను వానకాలమంతా తప్పక పాటించిన ఇంట, పుండు పురుగు పట్టకముందే మానుతుంది.