'గోథిక్' శబ్దము - అర్థపరిణామము

ఒక జాతి అంతరించిన పిదప దాని పేరు ఇతరుల వశమగును. వారు దానిని నిందకును వాడవచ్చును, మన్ననకును వాడవచ్చును. ఆంగ్ల, స్పానిష్ భాషలలోని 'గోథిక్' శబ్దము దీనికి చక్కని నిదర్శనము.

గోథులు ప్రాచీన జర్మానిక జాతివారు. వారిలో విసిగోథులు, ఆస్ట్రోగోథులు అని రెండు ప్రధాన శాఖలు కలవు. క్రీ. శ. 410లో విసిగోథులు అలారిక్ నాయకత్వమున రోము నగరమును కొల్లగొట్టిరి. లోకమునకు గుర్తున్నది ఆ కొల్లయే. కాని అంతకు ముందే, 4వ శతాబ్దిలో, ఉల్ఫిలా అను బిషప్పు గోథుల భాషకు లిపిని కూర్చి, బైబిలును ఆ భాషలోనికి అనువదించెను. వెండి సిరాతో వ్రాసిన దాని ప్రాచీన ప్రతి యొకటి నేటికిని స్వీడను దేశమందలి ఉప్సలాలో భద్రముగా నున్నది. గోథుల భాష అనునదియే ఈ శబ్దమునకు గల మూలార్థములలో నొకటి.

ఇటలీ పండితులు రోము పతనమును మరువలేదు. 16వ శతాబ్దిలో వసారి అను చిత్రకారుడు, మొనదేలిన తోరణములు గల మధ్యయుగపు కట్టడములను మోటువని నిందించి, ఆ దోషమును గోథులకు అంటగట్టెను. నిజమునకు ఆ శైలి 12వ శతాబ్దిలో పారిస్ చెంతనున్న సెయింట్ డెనిస్ చర్చిలో రూపుదాల్చినది. అప్పటికి గోథుల రాజ్యములు అంతరించి నాలుగు వందల యేండ్లు దాటెను. చేయని పనికి పేరు మాత్రము వారిదైనది!

ఆంగ్లమునను 'గోథిక్' అనగా తొలుత 'అనాగరికము' అను అర్థముండెను. 1765లో హొరేస్ వాల్‌పోల్ తన 'ఒట్రాంటో కోట' నవల రెండవ ముద్రణమునకు 'గోథిక్ కథ' అని ఉపశీర్షిక నుంచెను. నాటినుండి పాడుకోటలు, భయము, రహస్యము గల కథలకు ఆ పేరు స్థిరపడెను. 19వ శతాబ్దిలో నింద పోయి మన్నన వచ్చెను. 1834 అగ్నిప్రమాదము పిదప లండను పార్లమెంటు భవనమును ఆ శైలియందే పునర్నిర్మించిరి.

స్పెయిను కథ వేరు. అచట విసిగోథులు టొలెడో రాజధానిగా 8వ శతాబ్ది ఆరంభము వరకు ఏలిరి. కావున ఆ దేశమున వారు దోపిడికాండ్రు కారు, పూర్వరాజులు. కట్టడములకు, లిపికి, నవలకు స్పానిష్‌లో 'గోతికో' అందురు. జాతికి 'గోదో' అను పదము వేరుగా కలదు. 'గోదో' అనగా ఉన్నతవంశజుడను అర్థము కూడ ఏర్పడెను. అయితే ఏలినవారి గర్వము ఏలబడినవారికి రుచింపదు గదా! 19వ శతాబ్దపు స్వాతంత్ర్యయుద్ధములలో దక్షిణ అమెరికా దేశభక్తులు స్పెయిను పక్షమువారిని 'గోదో' లని ఈసడించిరి. కెనరీ దీవులవారు నేటికిని ప్రధానభూమి స్పానియార్డులను అట్లే ఎగతాళి చేయుదురు. ఒకే పదము ఒకచోట కిరీటము, వేరొకచోట తిట్టు.

తెలుగువారికిని ఇట్టి అనుభవము కలదు. తమిళులు తెలుగువారిని 'వడుగ'రనిరి. అది ఉత్తరదిక్కును బట్టి వచ్చిన పేరు. అన్యమతస్థుడని అర్థమిచ్చు పోర్చుగీసు మాటనుండి పుట్టిన 'జెంటూ' పదమును ఆంగ్లేయులు తెలుగు భాషకు వాడిరి. 1816లో వెలువడిన క్యాంబెల్ వ్యాకరణము పేరునందును అది కనిపించును. అయినను ఆ పేర్లు తెలుగు పేరును కప్పివేయలేదు. తమ భాషను 'తెలుగు' అని చెప్పుకొనువారు నిలిచియుండుటయే అందుకు కారణము. గోథులకు అట్టివారు మిగులలేదు. ఇతరసీమలలో స్థిరపడిన తెలుగువారు తమ పిల్లలకు అక్షరములు దిద్దించుటలోని ప్రయోజనము ఇదియే.