తాళం నుండి పలుకుకు: చార్లీ క్రిస్టియన్ గిటారు

జాజ్ చరిత్రలో 1930ల నడిమికాలం మొదలు సుమారు పదేండ్లను స్వింగ్ యుగమంటారు. అది పెద్ద వాద్యబృందాల కాలం. ట్రంపెట్లు, సాక్సఫోనులు ఒక్కసారి మ్రోగితే గిటారు చెవికి ఆనేది కాదు. తాళం నిలుపడమే దాని విధి. అట్టి వాద్యానికి వాక్కు నిచ్చినవారిలో అగ్రగణ్యుడు చార్లీ క్రిస్టియన్.

ఆయన 1916లో టెక్సాస్ రాష్ట్రంలోని బాన్‌హామ్‌లో జన్మించి, ఓక్లహామా సిటీలో పేద నల్లజాతి కుటుంబాన పెరిగాడు. చూపు కోల్పోయిన తండ్రితోను, సోదరులతోను కలిసి వీధులలో వాయించాడు. బడిలో చుట్టల పెట్టెలతో గిటారులు చేసేవాడని అదే పట్టణంలో పెరిగిన నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్ వ్రాశాడు.

1936లో గిబ్సన్ సంస్థ విద్యుత్ గిటారును విపణికి తెచ్చింది. అందులో ఉక్కు తీగల కంపనాన్ని అయస్కాంతమూ, దానిచుట్టూ చుట్టిన రాగితీగా కలిసి విద్యుత్తుగా మారుస్తవి. ధ్వనివర్ధకం దానిని పెంచి వినిపిస్తుంది. ఎడ్డీ డర్హమ్ వంటివారు ముందే ఈ మార్గం త్రొక్కారు. కాని ఆ నాదానికి తగిన భాషను కూర్చినవాడు క్రిస్టియన్. 1939 ఆగస్టులో బెనీ గుడ్‌మన్ బృందంలో చేరి, ఒక్కొక్క స్వరాన్నే అల్లుకుపోతూ సాక్సఫోనువలె దీర్ఘవాక్యాలు పలికించాడు. మన మనోధర్మ సంగీతానికి అది దూరపు చుట్టం. 1941లో ‘సోలో ఫ్లైట్’ రికార్డయింది. ఆ యేడే న్యూయార్కులోని మింటన్స్‌లో రాత్రివేళ ఆయన వాయించిన వాద్యం బీబాప్ అనే నూతన మార్గానికి బాట వేసింది. క్షయవ్యాధి సోకి 1942 మార్చి 2న, ఇరువదియైదవ యేట కన్నుమూశాడు. ప్రఖ్యాతి అనుభవించినది రెండేండ్లకు కొంచెం ఎక్కువ.

మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) చరిత్ర ఇక్కడ స్మరణీయం. పాశ్చాత్య మాండొలిన్‌కు విద్యుత్తు నిచ్చి, దానిపై కర్ణాటక గమకాలను నిలబెట్టిన విద్వాంసుడాయన.

బిలాస్‌పూరు రైల్వే పట్టణం చెంత, మోప్కాలో ఉంటూ తెలుగు వ్రాసే నాకు ఈ కథ పరాయిది కాదు. పెద్ద గొంతుల నడుమ చిన్న గొంతు వినబడకపోవడం ప్రవాసాంధ్ర రచయితలందరూ ఎరిగినదే. ధ్వనివర్ధకం ఎప్పుడో ఒకప్పుడు దొరుకవచ్చును. అది దొరికిననాడు చెప్పవలసిన మాట సిద్ధంగా ఉన్నదా అన్నదే ప్రశ్న. చుట్టల పెట్టె వాయించిన నాటినుండి క్రిస్టియన్ ఆ మాటను సిద్ధం చేసుకుంటూనే ఉన్నాడు.