భుజం మీది చుక్కలు

అబ్బీ, ఇట్రా, కూర్చో. రుద్రవరం ఎస్సై సారు భుజాన రెండు నక్షత్రాలు, అహోబిలం బ్రహ్మోత్సవాల బందోబస్తుకొచ్చిన సీఐ సారుకు మూడు. అంతవరకూ లెక్క కుదిరింది కదా! మరి డీఎస్పీ సారుకూ మూడే. ఇద్దరిలో పెద్దెవరు?

నక్షత్రాలు కాదు, భుజం చివర చేతివైపు చూడు. ఎరుపు నీలం చారల పట్టీ ఉంటే సీఐ, లేకుంటే ఆయనకన్నా పెద్దైన డీఎస్పీ. ఎస్పీ హోదాకు అశోక సింహాలు, వాటి కింద ఒక్కటే నక్షత్రం. ఒక్కటే కదా అని తక్కువ చేసేవు! సైన్యంలో మేజర్‌కైతే అసలు నక్షత్రమే ఉండదు, సింహాలు మాత్రమే. మనది రిపబ్లిక్ అయ్యాక, 1950లో, బ్రిటిష్ కిరీటం తీసేసి వాటిని పెట్టారు.

ఈ భోగమంతా భుజానికే ఎందుకంటావా? మొదట్లో అక్కడ ఉన్నది వట్టి గుడ్డపట్టీ. తూటాల సంచి తోలువారు జారిపోకుండా దాని కింద దూర్చి గుండీ పెట్టుకునేవాళ్లు. తర్వాత దొరలు దానికి జరీ కుచ్చులు వేలాడదీసి, మన నాటకాల్లో దుర్యోధనుడి భుజకీర్తుల్లా చేసుకున్నారు.

ఇత్తడి నక్షత్రాలైతే ఊరికే నల్లబడతాయి. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. గాలి, తేమ తగిలితే పైన సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది. మీ అవ్వ బిందెను చింతపండుతో తోమితే తళతళలాడుతుందే, ఆ పులుపులోని టార్టారిక్ ఆమ్లమే ఆ పొరను కరిగించేది. తోమాక సరిగా కడక్కపోతే మాత్రం పచ్చమరకలు పడతాయి, అవ్వనడుగు!

పరేడ్‌లో మెరుపు బాగానే ఉంటుంది గానీ, యుద్ధంలో కాదు. 1805లో ట్రాఫాల్గర్ దగ్గర ఇంగ్లీషు నౌకాదళపతి నెల్సన్ బిరుదుల నక్షత్రాలు కుట్టిన కోటుతోనే డెక్ మీద తిరిగాడు. ఫ్రెంచి ఓడ నుంచి వచ్చిన గుండు ఎడమ భుజంలో దూరి వెన్నెముకలో ఆగింది. పోతూ పోతూ భుజకీర్తి జరీపోగుల్ని కూడా ఒంట్లోకి లాక్కుపోయింది. ఆ జరీ అంటుకున్న గుండు ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది. చూడు, అంత హోదా ఏం పనికొచ్చింది? ఇప్పుడు మన జవాన్ల యుద్ధ దుస్తుల మీద హోదా గుర్తులు నల్లదారంతో కుడతారు, దూరానికి ఆనవు.

మన నౌకాదళం అడ్మిరళ్ల భుజాన 2023 డిసెంబరు నుంచి కొత్త గుర్తులొచ్చాయి. వాటి మీది ఎనిమిది కోణాల ఆకారాన్ని ఛత్రపతి శివాజీ రాజముద్ర నుంచి తీసుకున్నారు.