కట్నం కేకకు తెగిన పాట

పాట మంచి రక్తిలో ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చిన గాయకుడు దొరసాని ఎదుట నిలబడి గొంతును పైస్థాయికి తీసుకెళ్తుంటాడు. అదే గదిలో ఓ పక్కన బారన్ ఓక్స్ అనే మోటు జమీందారు నోటరీతో పెళ్లి బేరం తేలుస్తుంటాడు. పెళ్లైన మర్నాటి కానుక మొగుడే పెళ్లానికి ఇవ్వాలన్నది చట్టం అంటాడు నోటరీ. ఓక్స్‌కి అది రుచించదు. పిల్ల తరఫువాళ్లే అప్పుల్లేని ఎస్టేటు ఒకటి తన పేర రాయాలంటాడు. మాట సాగకపోయేసరికి బల్ల గుద్ది ఒక్క కేక పెడతాడు. పాట అక్కడికక్కడే తెగిపోతుంది.

రిచర్డ్ స్ట్రాస్ సంగీత నాటకం ‘డెర్ రోజెన్‌కవలియర్’ మొదటి అంకంలోని ఘట్టం ఇది. నేను విన్నది 1956 డిసెంబరులో లండన్‌లో హెర్బర్ట్ ఫాన్ కరాయన్ చేసిన రికార్డింగు. తెగిపోయిన ఆ పాట పాడింది నికొలాయ్ గెడ్డా. అంతటి గొంతును పిలిపించి రెండో చరణం పూర్తి కానివ్వలేదు. హాస్యం కోసం ఇంత ఖర్చు పెట్టినవాళ్లను నేనింకెక్కడా చూడలేదు.

వజ్రపుకొత్తూరు దగ్గర పల్లెలో ఉండే మా మేనత్తకు ఈ ముక్క ఫోన్లో వినిపించాను. కొబ్బరి తోట వైపున్న అరుగు మీద కూర్చుని చేట పక్కన పెట్టి వింది. కేక దగ్గర ఉలిక్కిపడింది.

“ఏటిరా, ఆడికేటి తక్కువైపోనాది?”

“పెళ్లి బేరం అత్తా.”

“అనుకున్నాను. పిక్కల యేపారి అరిసినట్టే అరిసినాడు.”

జీడి పిక్కలు అమ్మే రోజుల్లో 80 కిలోల బస్తా దగ్గర జరిగే బేరం చూసినవాళ్లకు ఓక్స్ కొత్తవాడు కాదు. పలాస, కాశీబుగ్గల్లో అలాంటి గొంతు ఏటా వినిపిస్తుంది.

కథ వియన్నాలో, 18వ శతాబ్దంలో జరుగుతుంది. కొత్తగా డబ్బూ బిరుదూ వచ్చిన ఫానినాల్‌కి గొప్పింటి అల్లుడు కావాలి. ఓక్స్‌కి ఆయన డబ్బు కావాలి. మధ్యలో నలిగేది కూతురు సోఫీ. వరుడి తరఫున వెండి గులాబీ పట్టుకెళ్లిన కుర్రాడు ఆక్టేవియన్ ఆమెను చూసి మనసు పారేసుకుంటాడు. అప్పటిదాకా అతనితో ప్రేమలో ఉన్న పెద్దింటి దొరసాని, తన వయసు తెలిసినదై, చివరికి తప్పుకుంటుంది. అంతకుముందు ఆక్టేవియన్ పనిపిల్ల వేషం వేసి, ఆడపిల్లనే అనుకుని వెంటపడ్డ ఓక్స్‌ను సత్రంలో నలుగురిలో నవ్వులపాలు చేస్తాడు.

ఈడూజోడూ కుదరని వరుడు, డబ్బు పిచ్చి, ఆడవేషం వేసిన కుర్రాడు. మనకు తెలియనిదా! కరటకశాస్త్రి శిష్యుడికి చీర కట్టి లుబ్ధావధాన్లుకు అంటగట్టిన గురజాడవారి ‘కన్యాశుల్కం’ మొదట 1892లో విజయనగరంలో ఆడింది, మనం ఇప్పుడు చదివే రెండో కూర్పు 1909లో వచ్చింది. హూగో ఫాన్ హోఫ్‌మన్‌స్టాల్ రాసిన మాటలతో స్ట్రాస్ నాటకం 1911 జనవరి 26న డ్రెస్డెన్‌లో మొదలైంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలు లేదు. డబ్బు మాత్రం రెండుచోట్లా ఒకే పని చేసింది. మన నాటకంలో వరుడు ఇస్తాడు, అక్కడ అడుగుతాడు, అంతే తేడా.

రికార్డింగులో నన్ను కట్టిపడేసింది వేషం సంగతి. ఆక్టేవియన్ పాత్రను ఆడమనిషే పాడాలని స్ట్రాస్ రాశాడు. అంటే ఆడమనిషి మగవాడిగా పాడుతూ, ఆ మగవాడు మళ్లీ ఆడపిల్లగా నటించాలి. రంగస్థలం మీదైతే పావడా, టోపీ సాయం చేస్తాయి. రికార్డులో గొంతు తప్ప ఏమీ లేదు. క్రిస్టా లూడ్విగ్‌కి అప్పుడు 28 ఏళ్లు. ఆక్టేవియన్‌గా గొంతును నిండుగా, నిటారుగా నిలబెడుతుంది. పనిపిల్లగా మారగానే అదే గొంతు ముక్కులోకి జారి, వియన్నా పల్లె యాసలో నంగిరిగా సాగుతుంది. సత్రంలో ఓక్స్ వైను తాగమని బతిమాలితే ఆ పిల్ల వద్దనే తీరును మన వైపు చెప్పాలంటే ‘నానొల్లను బాబో’ అన్నట్టుంటుంది. అదీ వినిపిస్తే మా అత్త అడిగింది: “ఎవలా గుంట? దొంగేసాలేస్తంది.” వేషం అని నేను చెప్పనే లేదు.

ఆమెకు ఆ చెవి ఎక్కడిదో నాకు తెలుసు. తూర్పు భాగోతం చూసి పెరిగిన తరం అది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పొద్దుగూకి మొదలై తెల్లవారేదాకా సాగే ఆటలో సత్యభామ మగవాడే. భామ జడ పట్టుకుని తన గొప్ప చెప్పుకుంటుంటే మృదంగం ఆమెతో పంతం వేసుకున్నట్టు మోగుతుంది. చెలికత్తె మాధవి గడుసు మాటలకు జనం విరగబడి నవ్వుతారు. విరహం, ఎకసెక్కెం ఒకే దరువులో పక్కపక్కనే నడుస్తాయి. హోఫ్‌మన్‌స్టాల్ తన నాటకాన్ని ‘సంగీతం కోసం రాసిన హాస్యనాటకం’ అన్నాడు. మన భాగోతానికీ ఆ పేరు అతికినట్టు సరిపోతుంది.

పద్యనాటకంలో స్థానం నరసింహారావుది ఇదే విద్య. బాపట్లలో 1902లో పుట్టి, భామ వేషానికి పేరుపడి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ‘శ్రీకృష్ణ తులాభారం’ కోసం ఆయనే రాసి పాడిన ‘మీరజాలగలడా’ను 1966 సినిమాలో విజయనగరం ఆడపడుచు సుశీల పాడగా వింటూ పెరిగాం. మొదట ఆ పాట మగ గొంతుది అంటే ఈతరం పిల్లలు నమ్మరు.

మళ్లీ రికార్డుల సంగతికి వస్తే, గ్రామఫోను ప్లేటుకు ఒక్కో వైపు పట్టేది మూడు నాలుగు నిమిషాలు. ‘రోజెన్‌కవలియర్’ను 1933లో వియన్నాలో అలాగే ముక్కలు చేసి, సగానికి సగం కత్తిరించి, 13 ప్లేట్లకు ఎక్కించారు. దొరసాని పాత్ర లొట్టె లేమన్‌ది. నాటకం చివర్లో దొరసాని అనాల్సింది రెండే చిన్న మాటలు. ఆ వేళకు లేమన్ స్టూడియోలో లేదట, సోఫీగా పాడుతున్న ఎలిజబెత్ షూమన్ వాటినీ తనే అనేసింది. మన పల్లె మేళాల్లో కూడా వేషగాడు రాకపోతే పక్కవాడు అందుకుంటాడు కదా!

1956 నాటికి లాంగ్‌ప్లే రికార్డులు వచ్చాయి, నాటకం నాలుగింటిలో ఇమిడింది. నిర్మాత వాల్టర్ లెగ్. దొరసాని ఆయన భార్య ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్. ఓక్స్‌గా కేక పెట్టింది వియన్నావాడే, ఒట్టో ఎడెల్మన్. మోనో, స్టీరియో రెండింటిలోనూ పట్టారు. జరిగింది కింగ్స్‌వే హాలులో, అప్పట్లో అదొక మెథడిస్టు ప్రార్థనా మందిరం. దాని కింద సొరంగంలో రైలు నడిచేది, ఆ గుడగుడ అక్కడ చేసిన రికార్డుల్లో అక్కడక్కడ వినిపిస్తుందని శ్రోతలు ఇప్పటికీ చెవులు రిక్కిస్తారు. హౌరా–మద్రాసు లైను పక్కన పెరిగిన నాకు అది తప్పు కింద అనిపించదు.

మా ఇంట్లోనూ ఓ రికార్డింగు ఉండేది. ఊరి పండగకు కట్టిన భాగోతాన్ని మా మావయ్య టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని పట్టిన మూడు క్యాసెట్లు. మృదంగం, పిల్లల ఏడుపు, మధ్యలో ఎవరో వేరుసెనగ కాయలు ఒలుచుకుంటున్న చప్పుడు. క్యాసెట్ తిప్పే వ్యవధిలో పోయిన దరువును అత్త ప్రతిసారీ నోటితో పాడి పూరించేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు పైకప్పు లేచిపోయి, బీరువాలో నీళ్లు నిలిచాయి. కొబ్బరి చెట్లు లెక్కపెట్టుకోవడంలో క్యాసెట్ల సంగతి వారం దాకా ఎవరికీ గుర్తురాలేదు. టేపు విప్పితే బురద రాలింది.

ఇప్పుడు భాగోతం జరిగితే పది ఫోన్లు పైకి లేస్తాయి. జనరేటరు చప్పుడులో మృదంగం మునిగిపోతుంది. ఆ నాటకానికి దొరికిన వాల్టర్ లెగ్ లాంటి మొండిమనిషి మా భాగోతానికి దొరకలేదని నా దుగ్ధ. తెల్లవార్లూ సాగే ఆటను మొదలు నుంచి మంగళహారతి దాకా మంచి మైకుల ముందు కూర్చోబెట్టాలి, మాధవి మాటకు జనం నవ్విన నవ్వుతో సహా పట్టాలి.

అత్త ఇదంతా పట్టించుకోలేదు. చివరి అంకంలో ముగ్గురు ఆడవాళ్లు కలిసి పాడేది, లోకమంతా కన్నీళ్లు పెట్టుకునేది, ఆమెకు సాగతీతగా తోచింది.

“ఆ బల్ల గుద్దినోడి కాడికి తిప్పరా,” అంది.

తిప్పాను. కేక దగ్గర ఈసారి తనే ముందుగా చేట మీద కొట్టింది.